దీర్ఘకాలపు నొప్పి, నల్లమందు మాత్రలు, రోగికి చెప్పవలసిన పాఠం



ఈ ఉపన్యాసాన్ని మాస్టారి పేరున ఆయన శిష్యులూ, కుటుంబసభ్యులూ నెలకొల్పారు. మాస్టారు మాకు ఫిజియాలజీ చెప్పారు. వైవాలో ఎవరైనా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గడగడా అప్పజెబితే అడ్డు తగలకుండా చివరిదాకా వినేవారు. విన్నాక, "బాగుందయ్యా. ఇదే సంగతి నాలుగో వార్డులో నడుం పట్టేసి పడుకున్న పెద్దాయనకి చెప్పు, నేను పక్కన నిలబడి వింటాను" అనేవారు. చాలామందికి మార్కులు పోయేది అక్కడే. ఇవాళ నేను ఎంచుకున్న విషయం ఆ నాలుగో వార్డుదే. ఏళ్ల తరబడి నొప్పితో బతుకుతూ, దానికోసం నల్లమందు జాతి (ఓపియాయిడ్) మాత్రలు మింగుతూ, ఇక వాటిని తగ్గించుకోక తప్పని స్థితికి వచ్చిన మనిషికి మనం ఏం చెప్పాలి? చెప్పినందువల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

మొదలుపెట్టేముందు ఒక మాట. క్యాన్సర్ ముదిరినవారికీ, చివరి రోజుల్లో ఉన్నవారికీ ఇచ్చే మార్ఫిన్ గురించి నేను మాట్లాడటం లేదు. ఆ మందు వారి హక్కు. మాదకద్రవ్యాలను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టంలోని చిక్కుముళ్లు విప్పి, ఆ మందు రోగి చేతికి అందేలా 2014లో సవరణ తెచ్చుకోవడానికి కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఈనాటికీ మన పల్లెల్లో క్యాన్సర్ నొప్పితో రాత్రంతా అరిచే మనిషికి మార్ఫిన్ బిళ్ల దొరకని ఊళ్లే ఎక్కువ. నా మాటలు అడ్డం పెట్టుకుని అలాంటి రోగికి మందు తగ్గిస్తే అది పాపం. నేను మాట్లాడేది నడుము, మెడ, మోకాళ్లు, నరాల నొప్పుల గురించి. గాయం మానిపోయినా, ఆపరేషన్ అయిపోయినా, మూడు నెలలు దాటి, ముప్ఫై నెలలు దాటి వదలని నొప్పి గురించి. దానికి వాడే ఆక్సికోడోన్, ఫెంటనిల్ ప్యాచీలు, మన దగ్గరైతే ముఖ్యంగా ట్రామడాల్, టాపెంటడాల్ గురించి.

ఇలాంటి రోగితో "ఒకసారి మా సైకాలజిస్టును కూడా కలవండి" అనగానే గదిలో గాలి మారిపోతుంది. పక్కనున్న భార్యో, కొడుకో ఆయన ముఖం వైపు చూస్తారు. ఆయన మన ముఖం వైపు చూస్తాడు. "అంటే నాకు పిచ్చనా డాక్టరుగారూ? నటిస్తున్నాననుకుంటున్నారా?" ఇంట్లో కోడలి దగ్గర, ఆఫీసులో పైవాళ్ల దగ్గర, సెలవు చీటీ రాసే డాక్టరు దగ్గర ఈ అనుమానాన్ని ఇప్పటికే పదిసార్లు భరించి వచ్చిన మనిషి ఆయన. ఈ ప్రశ్నకు గంటసేపు కూర్చుని జవాబు చెప్పాలి. మన ఓపీల్లో అరనిమిషం కూడా దొరకదు. నొప్పి రోగికి ఇచ్చే మానసిక శిక్షణ అంతా ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడంతోనే మొదలవుతుంది. అక్కడ తడబడితే ఆ తర్వాత ఎన్ని ధ్యానాలు నేర్పినా వినేవారుండరు.

జవాబు ఏమిటంటే: నొప్పి ముమ్మాటికీ నిజం. నొప్పి పుట్టడానికి గాయమే ఉండాలన్నది మాత్రం నిజం కాదు. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక కేసు అచ్చయింది. ఇరవై తొమ్మిదేళ్ల భవన నిర్మాణ కార్మికుడు పైనుంచి కిందికి దూకాడు, పదిహేను సెంటీమీటర్ల మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. మేకు కాస్త కదిలినా విలవిల్లాడిపోతున్నాడు. ఫెంటనిల్, మిడజోలం ఇచ్చి మత్తులో ఉంచి మేకు లాగారు. బూటు విప్పి చూస్తే మేకు కాలివేళ్ల సందులోంచి పోయింది. చర్మం మీద గీత కూడా లేదు. ఆ కుర్రవాడు నటించలేదు. కంటికి కనబడినదాన్ని బట్టి మెదడు ప్రమాదం లెక్కగట్టింది, ఆ లెక్కకు తగ్గ నొప్పి పుట్టించింది.

దీనికి తిరగేసిన ఉదాహరణ రెండో ప్రపంచయుద్ధంలో ఉంది. ఇటలీలోని ఆంజియో తీరంలో 1944లో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు, తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పికి మందు కావాలా అని అడిగి చూశాడు. నాలుగింట మూడు వంతుల మంది అక్కర్లేదన్నారు. ఎముకలు విరిగి, పొట్టలో తూటాలు దిగిన మనుషులు వాళ్లు. వారికి ఆ గాయమే ఇంటికి టికెట్టు. యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డామన్న తెరిపి మందుకన్నా బలంగా పనిచేసింది.

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు దీనికి శాస్త్రీయమైన చట్రం కట్టారు. నొప్పి సంకేతం పైకి పోయే దారిలో వెన్నుపాములో ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉంటుందనీ, దాన్ని కింద నుంచి వచ్చే స్పర్శ, పైనుంచి మెదడు పంపే ఆజ్ఞ రెండూ తెరిచి మూయగలవనీ చెప్పారు. వాళ్లు గీసిన బొమ్మలో తర్వాత చాలా మార్పులొచ్చాయి గానీ అసలు సంగతి నిలబడింది. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో హ్యూజ్, కాస్టర్లిట్జ్ మెదడు తనంతట తానే తయారుచేసుకునే నల్లమందు వంటి పదార్థాలను పట్టుకున్నారు. మూడేళ్లకు కాలిఫోర్నియాలో పన్ను పీకించుకున్నవారి మీద ప్రయోగం జరిగింది: ఉత్తుత్తి మందుతో వచ్చే ఉపశమనాన్ని నలోక్సోన్ అనే నల్లమందు విరుగుడు చాలావరకు చెరిపేసింది. అంటే నమ్మకం వల్ల వచ్చే ఉపశమనం భ్రమ కాదు, దానికి రసాయనం ఉంది. 1979లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పిని శరీరానికీ భావానికీ కలిపి చెందిన అనుభవంగా నిర్వచించింది. 2020లో ఆ నిర్వచనాన్ని సవరించినప్పుడు కూడా ఈ మాటను కదపలేదు. రోగి తనకు నొప్పిగా ఉందని చెబితే గౌరవించాలన్న సూచనను మరింత గట్టిగా జతచేసింది.

నొప్పి పాతబడితే ఏమవుతుందో రోగులకు చెప్పడానికి నేను ఇంటి కుక్కను తెచ్చుకుంటాను. ఒకసారి దొంగ వచ్చి పోయాడు. కుక్క అరిచి ఇల్లు కాపాడింది. ఆ రాత్రి నుంచి దానికి నిద్ర లేదు. పాలవాడి సైకిలు గంట మోగినా, కొబ్బరి మట్ట రాలినా, పక్కింటివాళ్లు తలుపు వేసుకున్నా అరుస్తుంది. అరుపు నిజమే, దొంగ మాత్రం లేడు. కొడితే దాని భయం పెరుగుతుంది. రోజూ మత్తు పెట్టి పడుకోబెడితే మత్తు దిగిన వేళకు ఇంకా బెదురుతుంది. రోజూ కాస్తకాస్త దాన్ని వీధిలోకి తీసుకెళ్లి, ఇది పాలవాడే, ఇది కొబ్బరి మట్టే అని అలవాటు చేయాలి. నరాల వ్యవస్థకూ అంతే.

ఇక్కడ రోగులు సంచిలోంచి ఎమ్మారై ఫిల్ములు తీస్తారు. "డిస్కు అరిగిపోయిందన్నారు, జరిగిందన్నారు, ఇందులో ఉందిగా" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం, అలా చెప్పింది మనమే. ఏ నొప్పీ లేనివారిని స్కాన్ చేసిన అధ్యయనాలన్నిటినీ కూర్చి 2015లో ఒక సమీక్ష ప్రచురించారు. నొప్పి లేని ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి ఉంది. ఈ అంకె చెప్పగానే కొందరి భుజాలు కిందికి దిగడం కళ్లారా చూస్తాం. "అరిగిపోయింది" అన్న మాట విన్ననాటి నుంచి వంగడం మానేసి, కింద కూర్చోవడం మానేసి, గుడికి పోవడం మానేసిన మనుషులు వాళ్లు.

ఇక మాత్రల సంగతి. ఈ కథ అమెరికాది, అక్కడే చెప్పుకోవాలి. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బోస్టన్ నుంచి పోర్టర్, జిక్ రాసిన ఐదు వాక్యాల ఉత్తరం వచ్చింది. ఆస్పత్రిలో చేరి నల్లమందు జాతి మందు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే నలుగురే వ్యసనపరులయ్యారని దాని సారాంశం. ఆస్పత్రి మంచం మీద నాలుగు రోజులు ఇచ్చిన మందుకూ, ఇంట్లో నాలుగేళ్లు మింగే మందుకూ పోలిక లేదు. ఉత్తరం రాసినవాళ్లూ ఆ పోలిక తేలేదు. తర్వాతివాళ్లు తెచ్చారు. ఆ ఉత్తరాన్ని ఆరువందలకు పైగా వ్యాసాల్లో ఉదహరించారని, ఎక్కువమంది వ్యసనం అరుదు అనడానికే వాడుకున్నారని అదే పత్రిక 2017లో ప్రచురించింది. ఆ ఉత్తరం తర్వాత, 1996లో, పర్డ్యూ ఫార్మా కంపెనీ ఆక్సికాంటిన్‌ను మార్కెట్లోకి దించింది. ఆ కంపెనీ 2007లో ఒకసారి, 2020లో మరోసారి ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంది. 2012 నాటికి అమెరికాలో ఏడాదికి 25.5 కోట్ల ఓపియాయిడ్ చీటీలు రాశారు.

అన్ని చీటీలు రాసి సాధించిందేమిటని ఎవరైనా అడగాలి కదా. మినియాపొలిస్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రి వ్యవస్థలో ఎరిన్ క్రెబ్స్ అడిగింది. నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిలో సగం మందికి ఓపియాయిడ్లు, సగం మందికి పారాసిటమాల్ వంటి మామూలు మందులతో మొదలయ్యే చికిత్స. ఏడాది గడిచాక రెండు జట్లూ పనులు చేసుకోవడంలో సమానంగా ఉన్నాయి. నొప్పి తీవ్రత మామూలు మందుల జట్టులోనే ఒకింత తక్కువ. 2018లో వచ్చిన ఈ ఫలితాన్ని ప్రతి మెడికల్ కాలేజీలో పాఠంగా చెప్పాలి. పైగా ఓపియాయిడ్లకు శరీరం అలవాటు పడి డోసు పెంచమంటుంది. కొందరిలో మందే నరాలను మరింత సున్నితం చేసి నొప్పిని పెంచుతుంది.

ఈ మాత్రల కీడు అర్థమవుతున్న రోజుల్లోనే అమెరికా ఇంకో తప్పు చేసింది. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇది క్రూరమైనది, ఎందుకంటే జరుగుతున్నది తెలిసి చేశారు. 2016లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఈ మందుల వాడకంపై మార్గదర్శకాలిచ్చింది. సలహాగా ఇచ్చిన డోసు పరిమితిని బీమా కంపెనీలు, మందుల దుకాణాలు, కొందరు డాక్టర్లు చట్టంలా తీసుకున్నారు. పదేళ్లుగా మాత్ర మీద ఉన్న మనిషికి ఒక్కసారిగా చీటీ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, హఠాత్తుగా ఆపడం వల్ల తీవ్రమైన బాధలు, ఆత్మహత్యలు జరుగుతున్నాయని హెచ్చరించవలసి వచ్చింది. 2021లో లక్షా పదమూడు వేల మందికి పైగా రోగుల రికార్డులు పరిశీలించినప్పుడు, డోసు తగ్గించిన తర్వాతి కాలంలో మోతాదు మించిన ఘటనలు నూరుమందికి ఏడాదికి 9.3గా తేలాయి. తగ్గించనప్పుడు అవి 5.5. ఇది రికార్డుల పరిశీలన కాబట్టి అన్నిటికీ తగ్గించడమే కారణమని తేల్చలేం. కానీ మాత్ర తీసేసి మనిషిని వీధిలో వదిలేయడం చికిత్స కాదన్నది తేలిపోయింది. 2022 నాటి కొత్త మార్గదర్శకాలు ఏడాదికి మించి వాడినవారికి నెలకు పదిశాతం, అంతకన్నా నెమ్మదిగానైనా సరే తగ్గించడం మేలంటున్నాయి.

మందు పెంచడం ఫలించలేదు, లాక్కోవడం ప్రాణం మీదికి తెచ్చింది. మరి దారేది? నా ఉపన్యాసానికి గుండెకాయ అనదగ్గ ప్రయోగం ఒకటుంది. 2011లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉల్రికే బింగెల్ బృందం ఇరవై రెండు మంది ఆరోగ్యవంతుల మీద చేసింది. కాలికి వేడి తగిలించి, నొప్పికి నూటికి ఎన్ని మార్కులో చెప్పమన్నారు. సగటు 66. చేతికి సూది పెట్టి, వాళ్లకు తెలియకుండానే రెమిఫెంటనిల్ అనే గట్టి ఓపియాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టారు. 55కి దిగింది. తర్వాత "ఇప్పుడు మందు మొదలుపెడుతున్నాం" అని చెప్పారు. మందు వేగం మార్చలేదు, మాట మాత్రమే కలిపారు. 39కి దిగింది. చివరగా "మందు ఆపేశాం, నొప్పి పెరగవచ్చు" అన్నారు. నిజానికి మందు అదే వేగంతో రక్తంలోకి పోతూనే ఉంది. నొప్పి 64కి ఎగబాకింది. ఎదురుచూపులో భయం కలిస్తే గట్టి మందు కూడా లేనట్టే అయింది.

ఇది విన్నాక డోసు తగ్గించుకోబోయే రోగిని తలుచుకోండి. ఏమీ చెప్పకుండా "వచ్చేనెల నుంచి సగమే" అంటే, మాత్ర తగ్గకముందే ఆయన రాత్రి నిద్ర పోతుంది. ఏ చిన్న సలుపు వచ్చినా ఇదిగో మొదలైందనుకుంటాడు. కెనడాకు చెందిన మైకేల్ సలివన్ 1995లో ఇలాంటి ఆలోచనల తీరును పదమూడు ప్రశ్నలతో కొలిచే పట్టికను తయారుచేశాడు. నొప్పి గురించే తిప్పితిప్పి ఆలోచించడం, రాబోయేదాన్ని భూతద్దంలో చూడటం, నా చేతిలో ఏమీ లేదని చేతులెత్తేయడం అనే మూడూ అందులో ఉన్నాయి. ఈ మూడూ మార్చుకోగలిగినవే. ఇక్కడే పాఠం పనికొస్తుంది.

స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే సైకాలజిస్టు బెత్ డార్నల్ ఈ పాఠాన్ని రెండు గంటలకు కుదించింది. ఒకే ఒక్క తరగతి. నొప్పి ఎలా పనిచేస్తుందో చెబుతారు, కంగారు పడే ఆలోచనను పట్టుకుని పక్కకు తిప్పడం నేర్పుతారు, శరీరాన్ని సడలించే ఆడియో ఇస్తారు, ఎవరికి వారు తమ పథకాన్ని కాగితం మీద రాసుకుని ఇంటికి పోతారు. 2021లో 263 మంది నడుంనొప్పి రోగులపై పరీక్షిస్తే, ఎనిమిది వారాలపాటు సాగే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీతో (ఆలోచనల తీరునూ నడతనూ మార్చే చికిత్సతో) పోల్చినా మూడునెలల తర్వాత ఇది తీసిపోలేదు. అది నొప్పికి జరిగిన పరీక్ష, మాత్రల తగ్గింపుకు కాదు. మాత్రల సంగతిలో ఆమె చేసిన ఇంకో చిన్న పని నాకు ఎక్కువ నచ్చింది. 2018లో ప్రచురించింది. ఎక్కువ మోతాదుల్లో ఏళ్లుగా వాడుతున్నవారికి, ఇష్టమైతేనే తగ్గించండి, కష్టమైతే మధ్యలో ఆగండి, వేగం మీ చేతిలో ఉంది అన్నారు. చదువుకోవడానికి ఒక పుస్తకం ఇచ్చారు. నాలుగు నెలలు కొనసాగిన 51 మందిలో మధ్యస్థ మోతాదు మార్ఫిన్ లెక్కలో రోజుకు 288 మిల్లీగ్రాముల నుంచి 150కి దిగింది. నొప్పి పెరగలేదు. పోల్చడానికి ఇంకో జట్టు లేని చిన్న అధ్యయనం అది, దాని మీద మేడలు కట్టకూడదు. కానీ రోగి చేతికి పగ్గాలు ఇవ్వడమనే ఆలోచన అందులోనే తొలిసారి నాకు స్పష్టంగా కనిపించింది.

గట్టి సాక్ష్యం ఇంగ్లండ్ నుంచి 2023లో వచ్చింది. హర్బీందర్ సంధు, శామ్ ఎల్డాబే తదితరులు నడిపిన ఐ-వాచ్ ప్రయోగం. గట్టి ఓపియాయిడ్లు వాడుతున్న 608 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యంతోపాటు ఒక పుస్తకం, సడలింపు సీడీ. రెండో జట్టుకు మూడు రోజుల బృంద తరగతులు, ఆ తర్వాత శిక్షణ పొందిన నర్సుతో విడిగా సంప్రదింపులు, నెమ్మదిగా తగ్గించే పట్టిక. ఏడాదికి రెండో జట్టులో 29 శాతం మంది ఓపియాయిడ్లు పూర్తిగా మానేశారు, మొదటి జట్టులో 7 శాతం. నొప్పి రోజువారీ పనులకు అడ్డుతగలడంలో మాత్రం రెండు జట్ల మధ్యా తేడా లేదు.

ఈ చివరి వాక్యం చూసి కొందరు పెదవి విరుస్తారు. నొప్పి బాధ తగ్గనప్పుడు ఇంత శ్రమెందుకంటారు. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. మలబద్ధకం, మగత, కిందపడి ఎముకలు విరగడం, నిద్రలో ఊపిరి మందగించడం వంటి ప్రమాదాలున్న మందు నుంచి నలుగురిలో ఒకరికన్నా ఎక్కువమంది బయటపడ్డారు, బయటపడ్డందుకు వారి బతుకు ఏమీ దిగజారలేదు. మాత్ర మానితే బతకలేనన్న భయం తప్పని అంతమంది స్వయంగా కనుక్కున్నారు. అదే సమయంలో 71 శాతం మంది మానలేకపోయారన్నదీ దాచకూడదు. ఈ పాఠం సర్వరోగనివారిణి అని ఎవరైనా అమ్మజూపితే వాళ్లను నమ్మకండి.

ఆ తరగతుల గురించి ఒక వివరం నన్ను ఆకట్టుకుంది. నర్సుతోపాటు పాఠం చెప్పే రెండో మనిషి డాక్టరు కాదు. స్వయంగా నొప్పి అనుభవించిన సామాన్యుడు. "నాకూ రాత్రుళ్లు చెమటలు పట్టాయి, అయినా గడిచింది" అని మనలో ఎవరం చెప్పగలం?

మా ఓపీ తరగతికి వచ్చే ఒకాయన గురించి చెబుతాను. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. నడుంనొప్పికి ట్రామడాల్ ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పి తరిమి లేపుతుందని చెప్పేవారు. "ఈయన మాత్రకి టైమైతే మాకు గడియారం అక్కర్లేదండీ" అంది భార్య. ఆ నాలుగింటప్పుడు ఇంకేమేం ఉంటాయని అడిగితే, ఆవిడే చెప్పింది: వరసగా ఆవులింతలు, ముక్కు కారడం, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, కాళ్లు ఒకచోట పెట్టలేకపోవడం. జలుబనుకుని విక్స్ రాసేదట. రాత్రి పదింటికి వేసిన మాత్ర బలం తగ్గేసరికి శరీరం మందు కోసం అడుగుతున్న లక్షణాలవి. నడుం అంతకన్నా చెడిపోవడం వల్ల వచ్చినవి కావు. బోర్డు మీద గంటల లెక్క గీసి చూపించాం. ఆయన ఆ గీత వైపు చాలాసేపు చూసి, "అయితే ఈ నొప్పిలో కొంత నాది కాదన్నమాట, మందుది" అన్నారు. అంతవరకూ ఆయనకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి మోతాదు దిగుతూ వచ్చింది, మధ్యలో రెండు మూడుచోట్ల ఆగింది. ఇప్పటికీ రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. దాన్ని తీసేయమని మేమూ తొందరపెట్టడం లేదు.

తరగతిలో ఎక్కువసేపు పట్టేది పని పాళ్ల గురించి మాట్లాడటానికి. ముఖ్యంగా ఆడవాళ్లతో. కాస్త బాగున్న రోజు వస్తే ఇల్లంతా బూజులు దులిపి, దుప్పట్లన్నీ ఉతికి, పిండివంట మొదలుపెట్టి, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం పడతారు. ఆ మూడు రోజులూ మాత్రలు రెట్టింపు. ఇరవై నిమిషాలు నిలబడి వంట చేయగలిగితే పదిహేను నిమిషాలకే స్టూలు మీద కూర్చోవాలని, నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆగాలని చెబుతాం. వినడానికి తేలిక. అత్తగారి ముందు స్టూలు మీద కూర్చోవడం తేలిక కాదు. అందుకే ఇంట్లోవాళ్లను కూడా తరగతికి రమ్మంటాం. పాఠం రోగికి ఒక్కరికే చెప్పి ఇంటికి పంపితే ఇల్లు ఆ పాఠాన్ని నెగ్గనివ్వదు.

ఊపిరి సాధన దగ్గర మనవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ప్రాణాయామం కొత్త కాదు. కానీ నొప్పి పోవాలని ముక్కు బిగబట్టి కూర్చుంటే పనిచేయదు. నెమ్మదిగా ఊపిరి వదులుతూ, నొప్పి ఉన్నా భుజాలు వదులుచేయడమే అందులో నేర్చుకోవలసింది. నొప్పి ఉండగా కంగారు లేకుండా ఉండటం సాధ్యమేనని శరీరానికి చూపించాలి. ఇది రోజూ ప్రశాంతంగా ఉన్నప్పుడు చేస్తేనే నొప్పి రెచ్చిన రాత్రి అక్కరకొస్తుంది.

మన రాష్ట్రాల్లో అమెరికా స్థాయి విపత్తు లేదు. వచ్చేదాకా ఆగనక్కర్లేదు. 2018 ఏప్రిల్‌లో ట్రామడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. అయినా చీటీ లేకుండా స్ట్రిప్పు చేతికిచ్చే షాపులు లేవని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరూ చెప్పలేరు. మోకాలి నొప్పికి ఊరి ఆర్ఎంపీ మొదలుపెట్టిన బిళ్ల ఏమిటో కూడా తెలియకుండా "ఆ తెల్ల బిళ్ల" అని అడిగి కొనుక్కునే ముసలివాళ్లు ఉన్నారు. చట్టం గట్టిగా అమలై ఒకరోజు ఆ తెల్ల బిళ్ల ఆగిపోతే, అమెరికాలో 2016 తర్వాత జరిగినదే ఇక్కడ పేదవాళ్లకు జరుగుతుంది. కట్టడి చేసేముందు పాఠం చెప్పేవాళ్లను తయారుచేసుకోవాలని నేను గట్టిగా కోరేది అందుకే.

పాఠం ఎవరు చెబుతారు? జిల్లాకు చాలినంతమంది క్లినికల్ సైకాలజిస్టులు లేరు, ఇప్పట్లో రారు. ఇంగ్లండ్‌లో నడిపింది నర్సులే. మన స్టాఫ్ నర్సులు, ఫిజియోథెరపిస్టులు వారానికోసారి ఓపీ వరండాలో ఇరవై కుర్చీలు వేసి ఈ తరగతి నడపగలరు. మందుల మోతాదు డాక్టరే దించాలి. ట్రామడాల్‌ను ఒక్కసారిగా ఆపితే ఓపియాయిడ్ ఆపిన బాధలకు తోడు ఆందోళన, గుండెదడ వంటివి కూడా కొందరిలో రావచ్చు కాబట్టి, తగ్గింపు పట్టిక రాసిచ్చే డాక్టరు, పాఠం చెప్పే నర్సు ఒకే గదిలో ఉండాలి.

మాస్టారి స్మారకనిధి వడ్డీలో కొంత భాగంతో ఒక చిన్న తెలుగు పుస్తకం వేయాలని నిర్వాహకులకు విన్నవించుకున్నాను, వారు ఒప్పుకున్నారు. ముప్ఫై రెండు పేజీలు, పెద్ద అక్షరాలు. చదవలేనివారికోసం అదే పాఠం ఫోనులో వినేలా గొంతుతో కూడా ఉంటుంది. అందులో మాత్ర మానేయమని ఎక్కడా రాయలేదు. నొప్పి ఎలా పుడుతుందో, మాత్ర ఏం చేస్తుందో, తగ్గిస్తే మొదటి వారం ఏమవుతుందో, నొప్పి రెచ్చిన రాత్రి ఏం చేయాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి పరుగెత్తాలో ఉంటుంది. క్యాన్సర్ రోగులకు ఇది వర్తించదని మొదటి పేజీలోనే ఉంటుంది. చివరి రెండు పేజీలు ఖాళీ, రోగి తన చేత్తో తన పట్టిక రాసుకోవడానికి.

దాని చిత్తుప్రతి బయట బల్ల మీద ఉంది. ఈ సభలో ఏళ్లుగా నొప్పితో బతుకుతున్నవారు తప్పక ఉంటారు, కొందరు నిలబడి వింటుంటే చూస్తూనే ఉన్నాను. తీసుకెళ్లి చదవండి. మీకు అర్థం కాని మాట, మిమ్మల్ని నొప్పించిన మాట, అబద్ధమనిపించిన మాట దేనికైనా కింద గీత గీసి తిరిగి పంపండి. మీ గీతలు చూసిన తర్వాతే అచ్చుకు ఇస్తాం.